పిల్లితో ఏడిళ్లు: అద్దె ఇంట్లో పెంపుడు జంతువుల పేచీ

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. హైదరాబాద్‌లో ఇప్పుడు పిల్లిని పెంచుకునేవాళ్లే ఏడిళ్లు తిరుగుతున్నారు. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు తెలిసినవే. ఎంతమంది ఉంటారు, ఏం ఉద్యోగం, వెజ్జా నాన్‌వెజ్జా, బండ్లెన్ని? కొన్నేళ్లుగా ఈ వరసలో ఇంకోటి చేరింది: "కుక్కలూ గిక్కలూ ఏమన్నా ఉన్నాయా అండీ?" ఉందని నిజం చెప్తే చాలాచోట్ల మాట అక్కడే ఆగిపోతుంది. లేదని చెప్తే ఇల్లు దొరుకుతుంది, గొడవ నాలుగు నెలలు ఆలస్యంగా వస్తుంది.

వచ్చాక జరిగే వాదన దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. అద్దెకున్నవాళ్లు ఫోన్ తీసి ఏదో సర్క్యులర్ చూపిస్తారు. "అంకుల్, పెట్స్ వద్దనే హక్కు ఎవరికీ లేదు. జంతు సంక్షేమ మండలి చెప్పింది, హైకోర్టు కూడా చెప్పింది." ఓనరు ఒకే ఒక్క మాట అంటాడు: "ఇల్లు నాది." ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కాకపోతే ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. మన దేశంలో ఇప్పటిదాకా పెంపుడు జంతువుల పక్షాన గట్టిగా వచ్చిన మార్గదర్శకాలు, తీర్పులు ముఖ్యంగా అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు చెప్పినవి. ఇంటి ఓనరుకు చెప్పినవి కావు. ఈ తేడా తెలియకుండా సర్క్యులర్ పట్టుకుని ఓనరు ముందుకు వెళ్లడం, ఆర్టీసీ బస్సు పాసుతో రైలెక్కడం లాంటిది.

అసోసియేషన్ వేరు, ఓనరు వేరు

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. ప్రసిద్ధ నాట్యకారిణి రుక్మిణీదేవి అరుండేల్ దానికి మొదటి అధ్యక్షురాలు. ఈ మండలి 2015లో పెంపుడు కుక్కల విషయమై నివాసుల సంఘాలకు మార్గదర్శకాలు పంపింది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఎక్కువగా అదే. సభ్యుల్లో మెజారిటీ చేతులెత్తినా, బైలా (సంఘం సొంత నిబంధనలు) మార్చుకున్నా అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించడం కుదరదనేది దాని సారం. కుక్క ఉందని లిఫ్టు వాడనివ్వకపోవడం, మొరుగుతోందని దాన్ని వదిలించుకోమని ఒత్తిడి చేయడం తప్పని కూడా అందులో ఉంది. పెంచేవాళ్లకూ సలహాలున్నాయి, టీకాలు వేయించమని, చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది లేకుండా చూసుకోమని. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ భాగాన్ని మాత్రం సాధారణంగా కత్తిరిస్తారు.

2021లో కేరళ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. పీపుల్ ఫర్ యానిమల్స్ సంస్థ వేసిన కేసులో, నివాసుల్ని పెంపుడు జంతువులు పెట్టుకోనివ్వని బైలాలు, ఒప్పందాల్లోని షరతులు చెల్లవని తీర్పు ఇచ్చింది. ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణం చెబుతోంది కాబట్టి, ఆ దయను అడ్డుకునే షరతుకు చట్టం అండగా నిలవదన్నది అక్కడి తర్కం. తీర్పులో ఉన్న 'ఒప్పందాలు' అనే మాట పట్టుకుని, ఇది అద్దె కాగితానికీ వర్తిస్తుందని మంచి లాయరు వాదించవచ్చు. కానీ ఆ కేసు నడిచింది నివాసుల సంఘాల మీద. పైగా కేరళ హైకోర్టు తీర్పును తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో కోర్టు పరిశీలిస్తుంది తప్ప, దానికి కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు.

కాబట్టి సొంత ఫ్లాట్‌లో ఉండేవాళ్ల సంగతి ఒకటి, అద్దెకుండేవాళ్ల సంగతి ఇంకొకటి. ఫ్లాటు ఓనరు కుక్కకు ఒప్పుకున్నాక అసోసియేషన్ సెక్రటరీ వచ్చి అడ్డుపడితే ఈ కాగితాలన్నీ పనికొస్తాయి. ఓనరే వద్దంటే అవి చూపించి సాధించేది పెద్దగా ఏమీ లేదు.

మరి ఓనరుకూ అద్దెదారుకూ మధ్య ఏ చట్టం నడుస్తుంది? తెలంగాణలో అందరికీ తెలిసిన పేరు 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం. కారణం లేకుండా ఖాళీ చేయించకూడదని, చుట్టుపక్కల వాళ్లకు న్యూసెన్స్ అయితే ఖాళీ చేయించవచ్చని అందులో ఉంది. అయితే 2005 సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించకుండా పోయింది. హైదరాబాద్‌లో ఆ అద్దెకు ఇవాళ సింగిల్ రూమ్ దొరకడమే కష్టం, కుక్కతో సహా ఫ్యామిలీ ఉండే ఇల్లు సంగతి సరేసరి. అంటే నగరంలో అద్దె ఇళ్లలో చాలా భాగం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్ తన పాత చట్టం స్థానంలో 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుంది. కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం ఇచ్చింది, ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలలు మించకూడదంది, కానీ రాష్ట్రాలు తీసుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. ఈ చట్టాలు అద్దె, అడ్వాన్స్, రిపేర్ల గురించి మాట్లాడతాయి. కుక్కా పిల్లీ ఎవరి దృష్టిలోనూ పడలేదు.

1882 చట్టం ప్రకారం అసలు మాట ఒప్పందమే. పెట్స్ వద్దని కాగితంలో ఉంటే, దాని మీద సంతకం పెట్టి కుక్కను తెస్తే, షరతు తప్పినట్టే. కాగితంలో ఏమీ లేకపోతే నిషేధమూ లేదు, అప్పుడు కుక్కను తెచ్చినందుకే ఒప్పందం ఉల్లంఘించారని ఓనరు అనలేడు. ఇక్కడిదాకా అద్దెదారుకు ధైర్యంగానే ఉంటుంది. చిక్కు తర్వాత ఉంది. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ అన్న నమ్మకంతో మనవాళ్లు 11 నెలల కాగితం రాసుకుంటారు. ఆ 11 నెలలూ అయ్యాక చాలామంది కొత్తది రాసుకోరు, అద్దె కడుతూ ఉండిపోతారు. అప్పుడది నెలవారీ అద్దె అవుతుంది, వేరే ఒప్పందం లేకపోతే 15 రోజుల నోటీసుతో ఎవరైనా ముగించవచ్చు. నోటీసులో కారణం చెప్పాల్సిన పని లేదు. కుక్క ఊసే ఎత్తకుండా, "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు కావాలి" అంటే సరిపోతుంది. కుక్కను పెంచుకునే హక్కు మీద ఎన్ని తీర్పులు వచ్చినా, కారణం చెప్పనక్కర్లేని నోటీసు ముందు అవి అక్కరకు రావు.

ఓనరు చేయకూడనివి కూడా ఉన్నాయి. నోటీసు గడువు అయిపోయినా అద్దెదారు కదలకపోతే కోర్టుకు వెళ్లాలి తప్ప తాళం మార్చడం, సామాను బయట పెట్టడం కుదరదు. అలా గెంటేస్తే, ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి ఇల్లు తిరిగి స్వాధీనం చేయించుకునే వీలు 1963 నాటి ప్రత్యేక ఉపశమన చట్టంలో ఉంది. కుక్కకు విషం పెట్టడం, కొట్టి కుంటిదాన్ని చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడే నేరం. అదే సంహితలోని 291వ సెక్షన్, తన జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడని యజమానికి ఆరు నెలల వరకు జైలో, 5,000 రూపాయల వరకు జరిమానానో వేయవచ్చంటుంది. ఇదంతా పుస్తకంలో ఉన్న సంగతి. రెండు నెలల అడ్వాన్స్ కోసం సివిల్ కోర్టు మెట్లెక్కే ఓపిక ఎవరికీ ఉండదు. చివరికి తగువు అడ్వాన్స్‌లో ఎంత కోత అన్న దగ్గర తేలుతుంది.

వద్దనడం వెనక

అద్దెకుండేవాళ్ల మాటల్లో ఓనరు ఎప్పుడూ విలనే. కానీ ఇల్లు కట్టి చూడమన్న సామెత ఊరికే పుట్టలేదు. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పోసి రెండంతస్తులు కట్టుకుని, పైన తాము ఉంటూ కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చేవాళ్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో వీధికి పదిమంది కనిపిస్తారు. ఒకటే గేటు, ఒకటే మెట్లు, ఒకటే నీళ్ల మోటారు. అక్కడ ఓనరు పొరుగువాడు కూడా. కుక్క మొరిగితే వినేది ఆయనే, మెట్ల మీద ఎదురైతే ఉలిక్కిపడేది ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడే. అమెరికాలో ఉంటూ గచ్చిబౌలిలో ఫ్లాటు అద్దెకిచ్చిన ఓనరు భయం వేరు. ఆయనకు మొరుగుడు వినిపించదు, వుడ్‌వర్క్ మీద గోటి గీతలు కళ్లముందు కదులుతాయి. ఈ ఇద్దరికీ ఒకే రకంగా నచ్చజెప్పబోతే పని కాదు. మొదటాయనకు కుక్కను పరిచయం చేయాలి, రెండో ఆయనకు ఫొటోలూ బిల్లులూ పంపాలి.

ఆచారం సంగతీ ఉంది. మన ఊళ్లలో కుక్క వాకిట్లో ఉండేది, మిగిలిన అన్నం తినేది, రాత్రి కాపలా కాసేది. గడప దాటి లోపలికి రావడం, మంచమెక్కడం చాలా ఇళ్లలో ఒప్పుకోని సంగతి. పిల్లికి పాలగిన్నె అందకుండా ఉట్టి కట్టిన సంసారాలు మనవి. అందుకే పూజ గది ఉన్న ఇంట్లో కుక్కేంటన్న అభ్యంతరం పాతతరం ఓనర్ల నోట తేలిగ్గా వస్తుంది. గృహప్రవేశం నాడు ఆవునూ దూడనూ అదే ఇంట్లోకి, అదే టైల్స్ మీద నడిపిస్తారు, అది పేడ వేస్తే శుభమని మురిసిపోతారు. వాదనలో ఈ మాట అనకపోవడమే మంచిది, అని గెలిచినవాళ్లు లేరు. కొన్నిచోట్ల అభ్యంతరం కుక్క మీద కూడా కాదు, దానికి ఉడికించే చికెన్ మీద. 'ఓన్లీ వెజ్' బోర్డు పెట్టినవాళ్లకు ల్యాబ్రడార్ ఒక సాకు మాత్రమే.

విచిత్రంగా, ఇదే ఓనర్లు పంజరంలో చిలకను చూసి ముచ్చటపడతారు, నీళ్ల తొట్టిలో తాబేలు ఉంటే వాస్తుకు మంచిదంటారు. మన చెట్ల మీద ఎగిరే రామచిలకను, వీపు మీద నక్షత్రాలున్న తాబేలును ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఓనరు అనుమతి దాన్ని మార్చదు. చట్టం తప్పని కుక్కకు ఇల్లు దొరకదు, చట్టం తప్పే తాబేలుకు స్వాగతం!

నిజంగా పాడయ్యేవి ఏవి

కుక్క ఉంటే ఇల్లు నాశనమన్న మాటలో ఎంత నిజముందో చూడాలంటే మన ఇళ్ల నేల చూడాలి. అమెరికాలో పెట్ డిపాజిట్, దానిపైన నెలనెలా పెట్ రెంట్ వసూలు చేయడం మామూలు, డల్లాస్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్న తెలుగువాళ్లందరికీ అనుభవమే. దానికి ఒక ముఖ్య కారణం కార్పెట్. గోడ నుంచి గోడకు పరిచిన కార్పెట్‌లోకి మూత్రం దిగితే కింది పొర దాకా పోతుంది, కొన్నిసార్లు మొత్తం పీకేయాలి. మన దగ్గర విట్రిఫైడ్ టైల్స్ నీళ్లు పీల్చవు, తడిగుడ్డతో సరి. పాత ఇళ్లలో తాండూరు, షాబాద్ బండలు మాత్రం పీలుస్తాయి, టైల్స్ మధ్య సందులూ అంతే.

పిల్లి మూత్రం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అందులోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మిగిలిపోతుంది, నీళ్లతో కడిగితే పోదు. ఎండాకాలం ఏమీ తెలియదు. వానాకాలం తేమ తగలగానే వాసన లేస్తుంది. ఇల్లు ఖాళీ చేసింది మేలో, కొత్తవాళ్లు కంప్లయింట్ చేసింది జూలైలో, తిట్లు మాత్రం వెళ్లిపోయినవాళ్లకు. ఫినాయిల్ పోస్తే రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరం. ఆ స్ఫటికాలను విడగొట్టే ఎంజైమ్ క్లీనర్లు పెట్ షాపుల్లో దొరుకుతాయి, పని చేసేవి అవే. మగపిల్లికి సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించకపోతే మూలమూలల్లో చిమ్మి హద్దులు పెట్టుకుంటుంది, అద్దె ఇంట్లో దాన్ని మించిన నష్టం లేదు. ఇంకా దెబ్బతినేవి దోమతెర తలుపులు, తలుపుల కింది అంచులు, ఫర్నిష్డ్ ఇల్లయితే సోఫా. మొత్తం కలిపినా ఒక కార్పెంటరు, ఒక పెయింటరు రెండు రోజుల పని. అందరూ నిరపాయమనుకునే అక్వేరియమే ఎక్కువ ప్రమాదం. 200 లీటర్ల తొట్టి అంటే నీళ్ల బరువే 200 కిలోలు, పగిలితే కింది ఫ్లాటు సీలింగ్ దాకా ఖర్చు.

అరిచే కుక్క కరవదంటారు. అద్దె ఇంట్లో ఇల్లు ఖాళీ చేయించేది మాత్రం ఆ అరుపే. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని చేస్తూ కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు చాలామంది. అది రోజంతా మనుషుల మధ్య పెరిగింది. ఆఫీసులు తెరిచాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ పొద్దున వెళ్లి రాత్రి వస్తుంటే, ఒంటరితనం అలవాటు లేని కుక్క తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంది. ఇంట్లో లేనివాళ్లకు ఆ ఏడుపు వినిపించదు కాబట్టి, "మాది చాలా సైలెంట్ అండీ" అని నిజాయితీగానే చెప్తారు. పక్క ఫ్లాటువాళ్లు మాత్రం పది గంటలు విని, అసోసియేషన్‌కు చెప్పి, వాళ్లు ఓనరుకు ఫోన్ చేసేసరికి అందరికీ టెన్షన్. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఒకరోజు ఇంట్లో వదిలి వెళితే అసలు సంగతి తెలుస్తుంది. ఆ తర్వాత మధ్యాహ్నం ఒకరు వచ్చి తిప్పడమో, డే కేర్‌లో వదలడమో చూసుకోవాలి. దీనికి చట్టంలో మందు లేదు. మొరగడం కుక్క స్వభావమన్న మాట నిజమే, కానీ నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునే పక్కింటాయనకు ఆ మాట నిద్ర తెప్పించదు.

కాగితంలో ఏం రాయాలి

స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ టైపు చేసిచ్చే షాపులో కాపీ ఒకటే ఉంటుంది, పేర్లూ అద్దే మారతాయి. అందులో జంతువుల లైను చాలాసార్లు ఉండదు. ఉంటే, 'అనుమతి లేదు' అని ఒక్క ముక్క. ఈ ఒక్క లైను మీద ముందే పది నిమిషాలు కూర్చుంటే తర్వాత పది నెలలు మాట్లాడుకునే పని తప్పుతుంది. నోటిమాటగా "సర్లే తెచ్చుకోండి" అన్నదాన్ని నమ్ముకోవడం కష్టం. ఓనరు చనిపోయి ఇల్లు కొడుకు చేతికి వచ్చినా, ఫ్లాటు అమ్ముడుపోయినా ఆ మాట ఎవరికీ గుర్తుండదు. కనీసం వాట్సాప్‌లోనైనా మెసేజ్ రూపంలో ఉండాలి.

మంచి లైను ఎలా ఉంటుందంటే: 'అద్దెదారు దగ్గరున్న ఒక ల్యాబ్రడార్ కుక్క, వయసు నాలుగేళ్లు, ఇంట్లో ఉండటానికి ఓనరుకు అభ్యంతరం లేదు. ఏటా రేబిస్ టీకా, కార్పొరేషన్ లైసెన్సు కాపీలు అద్దెదారు ఇవ్వాలి. కుక్క వల్ల తలుపులకు, గోడలకు జరిగిన నష్టాన్ని రిపేరు బిల్లు ప్రకారం అడ్వాన్స్ నుంచి మినహాయించుకోవచ్చు. ఇంకో జంతువును తేవాలంటే మళ్లీ అడగాలి.' ఇందులో అన్నిటికన్నా విలువైన ముక్క 'బిల్లు ప్రకారం'. హైదరాబాద్‌లో కుక్క లేకపోయినా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకునే అలవాటుంది. కుక్క ఉంటే పెయింటింగ్‌కు వేరే, కుక్కకు వేరే అంటారు. వాడకంలో మామూలుగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 చట్టమే చెబుతోంది, ఆ పైన జరిగిన నష్టమే లెక్క. ఏది ముందు నుంచీ ఉంది, ఏది కుక్క గీకింది అన్నది తేల్చడానికి చేరిన రోజు తీసిన వీడియో ఒక్కటే సాక్ష్యం. తలుపుల కింది అంచులు, దోమతెరలు, బాల్కనీ మూలలు కనిపించేలా తీసి, అదే రోజు ఓనరుకు పంపాలి.

ఓనర్లకూ ఇందులో లాభం ఉంది. వద్దన్నచోట కుక్క దొంగతనంగా వస్తుంది, టీకా ఉందో లేదో తెలియదు, నష్టం దాచిపెడతారు. ఒప్పుకున్నచోట లెక్క ఉంటుంది. అడ్వాన్స్ రెండు నెలలకు బదులు మూడడిగినా పెట్స్ ఉన్నవాళ్లు ఇస్తారు, ఇల్లు దొరికాక తేలిగ్గా కదలరు కూడా. తిరిగివ్వని 'పెట్ ఫీజు' మాత్రం మంచి పద్ధతి కాదు. నష్టం జరిగినా జరగకపోయినా డబ్బు పోతుందని తెలిస్తే, తలుపు గీకుతున్న కుక్కను ఆపే శ్రద్ధ ఎవరికుంటుంది?

ఓనరు మీదే నేరుగా మాట్లాడిన చట్టాలు వేరే దేశాల్లో ఉన్నాయి. కెనడాలోని ఒంటారియోలో అద్దె ఒప్పందంలో పెట్స్ వద్దన్న షరతు చెల్లదు. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2013లో, అచ్చు ఫారంలో కుక్కలు పిల్లులు మొత్తంగా వద్దని రాయడం కుదరదని, ఏ కేసుకా కేసు చూడాలని చెప్పింది. ఇంగ్లండ్‌లో 2025లో చేసిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం అద్దెదారు రాతపూర్వకంగా అడిగితే ఓనరు 28 రోజుల్లో జవాబివ్వాలి, సరైన కారణం లేకుండా కాదనకూడదు. మనకు ఈ ఇంగ్లండ్ పద్ధతే దగ్గరగా ఉంటుంది. హక్కని గట్టిగా రాస్తే మన ఓనర్లు ఫోన్‌లోనే వేరే కారణం చెప్పి ఇల్లు ఇవ్వరు. అడగడం, జవాబు, కారణం కాగితం మీదికి రావడమే సగం పని. కానీ అది కూడా కారణం చెప్పకుండా ఖాళీ చేయించే నోటీసు ఉన్నంతకాలం పెద్దగా నిలవదు. ఇంగ్లండ్ అదే చట్టంలో అలాంటి నోటీసునూ ఎత్తేసింది.

ఇక్కడ మాత్రం కథ చాలాసార్లు ఇంకోలా ముగుస్తుంది. నోటీసు వచ్చాక కొత్త ఇల్లు కుక్కతో దొరకదు, ఊళ్లో అమ్మానాన్నలు వద్దంటారు, షెల్టర్లలో చోటుండదు. నెలాఖరు దగ్గరపడుతుంది. ఏ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు పక్కనో కారు ఆగుతుంది, మెడకు బెల్టుతో బీగిల్ జాతిదో షిట్జు జాతిదో ఒక కుక్క దిగుతుంది, కారు వెళ్లిపోతుంది. ఆకలికో దాహానికో గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరమే. ఆ చట్టం మొదటి తప్పుకు వేసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు.